ఇరవై అంకెల చుట్టం

కొందరి ఇళ్ళల్లో తాతల నాటి భోషాణం ఉంటుంది. కొందరికి వెండి కంచం ఉంటుంది. మా ఇంట్లో అట్లాంటివేవీ మిగల్లేదు గాని, ఒక సంఖ్య మాత్రం మూడు తరాలుగా కాపరం చేస్తోంది. ఇరవై అంకెల సంఖ్య: 18446744073709551615. దీన్ని మన వాడుకలో చదవాలంటే, లక్షా ఎనభైనాలుగు వేల నాలుగువందల అరవైయేడు కోట్ల కోట్లు అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకుని, మిగతాది పక్కవాళ్ళకి అప్పగించాలి.

చదరంగం కనిపెట్టినవాడి కథ మీ అందరికీ తెలిసిందే. ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇట్లా రెట్టించుకుంటూ అరవైనాలుగు గళ్ళూ నింపమన్నాడు ఆ బుద్ధిశాలి. ఇంతేనా అని నవ్వాడు రాజు. ఆ గింజల మొత్తమే మా ఇంటి సంఖ్య. క్రీస్తుశకం వెయ్యి ప్రాంతంలోనే అల్ బిరూనీ ఈ లెక్క కట్టి రాశాడు. పదమూడో శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ కథతో సహా చెప్పాడు. మనవాళ్ళు ఊరుకుంటారా? తెలుగులో దాన్ని పద్యంలోకి ఎక్కించారు. ఆ పద్యం పావులూరి మల్లనదని చెబుతారు.

మల్లనగారు మనకేమంత దూరపువాడు కాదు. పావులూరు ఇంకొల్లు దగ్గర ఊరు. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని ఆయన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయగారి రాజు రాజరాజ నరేంద్రుని కాలంవాడే ఈ మల్లన అని కొందరు పండితులు, కాదు ఆయన పేరే పెట్టుకున్న మనవడు గ్రంథం రాశాడని కొందరు పండితులు వాదించుకున్నారు. ఎవరైతేనేం, పావులూరివాడు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ ఊరూ, మా నాన్నగారుండే రేపల్లే రెండూ బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. నేనుండే తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచిపోయింది. దాంతో మల్లనా, మా నాన్నగారూ ఒక జిల్లావాళ్ళయి, నేను పరాయివాణ్ణయ్యాను.

ఆ పద్యంలో అంకెలు ఎక్కడా అంకెలుగా కనిపించవు. చంద్రుడంటే ఒకటి. నిప్పులు మూడు. మన్మథుడి బాణాలు ఐదు. కొండలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, శరీరంలో రంధ్రాలు తొమ్మిది. ఆకాశం సున్న, అక్కడేముంది గనక! పైగా అంకెలు ఎడమవైపుకు నడవాలని శాస్త్రం. పద్యంలో మొదట వినిపించిన బాణాలు సంఖ్యలో ఆఖరి ఐదు. చివర వచ్చే చంద్రుడు మొదటి ఒకటి. మన సంఖ్యలో నాలుగు నాలుగులున్నాయి. వాటిలో రెంటికి సముద్రాలు, ఒకదానికి వేదాలు, ఒకదానికి బ్రహ్మగారి ముఖాలు పెట్టాడు కవి. ఒకే చీర రెండుసార్లు కట్టుకురాకూడదన్న పట్టుదల పేరంటానికి వచ్చే ఆడవాళ్ళకే కాదు, కవులకీ ఉంటుంది కాబోలు. ఇంకొక చిత్రం చూడండి. రెండుని రెండుతో హెచ్చవేసుకుంటూ పోతే పుట్టిన ఈ సంఖ్యలో, మొదటినుంచి చివరిదాకా వెతికినా, రెండు అనే అంకె లేదు.

మా నాన్నగారు రేపల్లెలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎనభైనాలుగేళ్ళు. ఈ సంఖ్యతో ఆయనకి స్నేహం కుదరటానికి కారణం ఒక చెదపురుగు. మా తాతగారి నోటుపుస్తకంలో ఈ పద్యం రాసుకున్న చోట ఒక మాటని చెద తినేసింది. ఆ గుంటలో ఏ అంకె ఉండాలి? నాన్నగారికప్పుడు పధ్నాలుగేళ్ళు. అరవైమూడుసార్లు రెట్టింపు చేసుకుంటే పోయేదిగా అని మీరనవచ్చు. అది ఆయనా చేశారుట, తరువాత. ముందు మాత్రం దొడ్డిదారి ఒకటి వెతికారు.

మొదటి రెండు గళ్ళ గింజలు ఒకటీ రెండూ మూడు. తరువాతి రెండు గళ్ళలో నాలుగూ ఎనిమిదీ పన్నెండు. అదీ మూడు రెట్లే. ఏ జత గళ్ళు తీసుకున్నా అంతే. అందుచేత మొత్తం మూడుతో నిశ్శేషంగా భాగింపబడాలి. మూడుతో పోవాలంటే అంకెల మొత్తం మూడుతో పోవాలి. చెదతిన్న అంకె కాక మిగతావి కూడితే 80 వచ్చింది. కాబట్టి పోయింది ఒకటయినా కావాలి, నాలుగయినా కావాలి, ఏడయినా కావాలి. ఇక చదరంగపు బల్లలో ఒక వరసకి ఎనిమిది గళ్ళు గదా. మొదటి వరస మొత్తం 255. అంటే మూడు ఐదులు పదిహేను, పదిహేను పదిహేడులు. పై వరసలన్నీ దానికి గుణిజాలే. కనక సంఖ్య పదిహేడుతోనూ పోవాలి. మూడు అంకెల్నీ పెట్టి పదిహేడుతో భాగించి చూస్తే, ఏడు ఒక్కటే నిలిచింది. అంటే చెద తిన్నది కొండని! ఈ మాట చెప్పి నాన్నగారు ఇప్పటికీ నవ్వుతారు.

తరువాత ఆయన అక్కడితో ఆగలేదు. ఒక వరస 255 అయితే, రెండు వరసలు దానికి 257 రెట్లు, అంటే 65535. నాలుగు వరసలు దానికి 65537 రెట్లు, 4294967295. ఎనిమిది వరసలూ కలిస్తే మళ్ళీ దానికి 4294967297 రెట్లు. ఇప్పుడు ఈ మెట్లు వరసగా చూడండి: 3, 5, 17, 257, 65537. ఒక్కొక్కటీ ప్రధాన సంఖ్యే, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగనిది. ఫ్రాన్సులో ఫెర్మా అనే న్యాయాధికారి 1640 ప్రాంతంలో ఈ వరస చూసి, ఇట్లా ఎంతదూరం పోయినా ప్రధాన సంఖ్యలే వస్తాయని నమ్మాడు. ఆయన తరువాతి మెట్టు ఆ 4294967297. దాన్ని తొంభైయేళ్ళపాటు ఎవరూ కదిలించలేదు. 1732లో ఆయిలర్ వచ్చి, ఇది 641తో పోతుంది, 6700417 సార్లు పోతుంది అని చూపించాడు. ఫెర్మా మాట అక్కడే వీగిపోయింది. ఆ తరువాతి మెట్లలో ఇంతవరకూ ఒక్క ప్రధాన సంఖ్యా దొరకలేదు.

ఆ ఐదు చిన్నవాటికీ వేరే వైభవం ఉంది. స్కేలూ వృత్తలేఖినీ తప్ప మరో పరికరం లేకుండా పదిహేడు సమభుజాల బొమ్మ గీయవచ్చునని 1796లో పద్దెనిమిదేళ్ళ గౌస్ కనిపెట్టాడు. కారణం పదిహేడు ఆ ఐదుగురిలో ఒకడు కావటమే. హెర్మెస్ అనే జర్మన్ ఆయన 65537 భుజాల బొమ్మ గీసే పద్ధతి రాయటానికి పదేళ్ళు కూచున్నాడు. ఆ కాగితాలు గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఒక పెట్టెలో ఉన్నాయి. ఆయన భార్య ఏమన్నదో ఎవరూ రాయలేదు గాని, నాకు ఊహించటం కష్టం కాదు.

ఇంతకీ మన సంఖ్యకి కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండుసార్లు రాలేదు. భాజకాలు మొత్తం 128. ఇక జాతి విషయం. ఆరుని చూడండి, తన చిన్న భాజకాలు ఒకటీ రెండూ మూడూ కలిపితే సరిగ్గా తానే అవుతుంది. అట్లాంటివాటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. పన్నెండుకి కలిపితే పదహారు వస్తుంది, మిగులు బడ్జెట్టు. మన ఇరవై అంకెల దొరగారు తన భాజకాలన్నీ కూడబెట్టుకున్నా రూపాయికి డెబ్భై పైసల చిల్లరే. లోటు సంఖ్య. ఇంత ఆస్తి ఉన్నవాడికీ లోటేనా అని మా ఆవిడ ఆశ్చర్యపోయింది. కళ్ళముందున్న మనుషుల్ని చూసి నేను ఆశ్చర్యపోవటం మానేశాను.

ఎంత ఆస్తో చెప్పలేదు గదూ. బాపట్లలో పుట్టిన వరి వంగడం బి.పి.టి. 5204, అదే సాంబ మసూరి, 1986లో విడుదలైంది. బి.పి.టి. అంటే బాపట్లే. అది సన్నగింజ, తేలిక. కొంచెం లావువాటినీ కలుపుకుని, వెయ్యి వడ్లగింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకుందాం. అప్పుడు చదరంగపు బల్లమీద ధాన్యం సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించేది ఎనభై కోట్ల టన్నుల ప్రాంతం. అంటే నాలుగువందల అరవై ఏళ్ళు ఎవరూ అన్నం తినకుండా కూడబెట్టాలి.

1883లో లూకాస్ అనే ఫ్రెంచి గణితవేత్త ఒక ఆటబొమ్మ చేసి, దానికి మన కాశీని అంటగట్టి కథ అల్లాడు. కాశీ గుడిలో మూడు సూదులూ, అరవైనాలుగు బంగారు బిళ్ళలూ ఉన్నాయట. పూజారులు వాటిని ఒక సూదినుంచి ఇంకో సూదికి మార్చటం పూర్తయ్యేసరికి లోకం అంతమవుతుందట. ఎన్నిసార్లు బిళ్ళలు కదపాలో చూస్తే, సరిగ్గా మా ఇంటి సంఖ్యే! సెకనుకొకటి చొప్పున కదిపినా 58,400 కోట్ల ఏళ్ళు పైచిలుకు. కల్పానికి 432 కోట్ల ఏళ్ళు గనక, బ్రహ్మగారి పగళ్ళు 135. కంగారేమీ లేదు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే మా అబ్బాయికి ఇదంతా చెబితే, "నాన్నా, మాకది రోజూ ఎదురయ్యేదే, అరవైనాలుగు గళ్ళలో ఇమిడే అన్నిటికన్నా పెద్ద సంఖ్య" అన్నాడు. వాళ్ళ యంత్రంలో గడికి సున్న గాని ఒకటి గాని ఉంటుందిట. అరవైనాలుగింటిలోనూ ఒకట్లే పెడితే ఇదే.

ఇట్లా వినోదంగా ఇంట్లో తిరుగుతుండే సంఖ్య, 2023 వేసవిలో ఒక పనికి వచ్చింది.

మా మేనత్త బాపట్లలో ఒంటరిగా ఉంటుంది. మామయ్య పోయి ఎనిమిదేళ్ళయింది. ఫ్యామిలీ పెన్షనూ, బ్యాంకులో కొద్దిపాటి డిపాజిట్టూ ఆధారం. ఆ డిపాజిట్టులోంచి ఆగస్టులో మనవరాలి ఇంజనీరింగు ఫీజు కట్టాలి. మే నెలలో ఒకరోజు అత్తయ్య బాపట్లలో రైలెక్కి తెనాలి వచ్చి, నన్ను కూడా బయల్దేరదీసింది. ఇద్దరం రేపల్లె బండి ఎక్కాం. వేమూరు దాటాక అసలు సంగతి చెప్పింది. మామయ్య వైపు బంధువుల కుర్రాడొకడు ఏదో పథకం తెచ్చాడట. యాభైవేలు కట్టి సభ్యురాలవ్వాలి. ఇద్దర్ని చేర్పించాలి. వాళ్ళు చెరో ఇద్దర్ని చేరుస్తారు. కిందకి వరసలు పెరుగుతున్నకొద్దీ పైవాళ్ళకి నెలనెలా కమీషను. ఏడాదిలో డబ్బు నాలుగింతలు.

"ఫీజుకి ముందే నాలుగో వంతు వచ్చేస్తుందిరా. మీ నాన్న చేత ఒక మాట అనిపించుకుని కట్టేద్దామని" అంది. బండి భట్టిప్రోలులో ఆగేసరికి నేను రెండుసార్లు వద్దన్నాను. ఇట్లాంటి వాటిని నిషేధిస్తూ 1978లోనే కేంద్రప్రభుత్వం చట్టం చేసిందని కూడా చెప్పాను. అత్తయ్య చట్టాన్ని లెక్కచెయ్యలేదు. "చట్టాలు ఊళ్ళో వాళ్ళకిరా. వీడు మనవాడు" అంది.

నాన్నగారు వద్దనలేదు. అంతా విని, "ఎవర్ని చేరుద్దామనుకున్నావమ్మాయీ?" అని అడిగారు.

"మా వెనకవాటాలో అద్దెకుండే కుట్టుమిషను అమ్మాయినీ, ఎదురింటి సుబ్బులుగారి కోడల్నీ."

"మంచిది. పైన ఒక్కడు, కింద ఇద్దరు, వాళ్ళ కింద నలుగురు. ఇది మన చదరంగం బల్లే గదా" అంటూ పాత పంచాంగం వెనకవైపు పెన్సిలుతో వరసలు గీశారు. పదహారు వరసలకి మొత్తం 65535 మంది. 2011 జనాభా లెక్కల్లో బాపట్ల ఊరు డెబ్భైవేల పైచిలుకు. "చూశావా, పొత్తిళ్ళలో పిల్లల్తో సహా మీ ఊరు దాదాపు పూర్తయింది. పద్దెనిమిది వరసలకి 262143. తెనాలీ బాపట్లా రేపల్లే మూడూ కలిపినా ఇక మిగిలేది పాతికవేల లోపే. పంతొమ్మిదో వరసకి మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెస్తారు? ముప్పైమూడో వరసకి భూమ్మీద ఉన్న ఎనిమిది వందల కోట్లమందీ చాలరు. బల్లమీద ఇంకా సగం గళ్ళు ఖాళీగానే ఉన్నాయి."

అత్తయ్య తెలివితక్కువది కాదు. "అన్నయ్యా, అదంతా కింద పడేవాళ్ళ గొడవ. మనం ముందే చేరుతున్నాంగా" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

"ఎన్నో వరసలో ఉన్నావో ఆ అబ్బాయి చెప్పాడా?"

చెప్పలేదు. నాన్నగారు ఇంకా కిందకి రాశారు. ఒకటీ రెండూ నాలుగూ కూడితే ఏడు. తరువాతి గడిలో ఎనిమిది. ఎనిమిదితో కలిపితే పదిహేను. తరువాతి గడిలో పదహారు. "ఏ గడి దగ్గర ఆగినా ఇంతే. ఆ ఒక్క గడిలో ఉన్న గింజలు, ముందరి గళ్ళన్నిటికంటే ఒక్కటి ఎక్కువ. పథకం ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగినప్పుడు ఆఖరి వరసవాళ్ళే సగానికి మించి ఉంటారు. వాళ్ళ కింద ఎవరూ ఉండరు, వాళ్ళకి పైసా రాదు. పైవాళ్ళు తిన్నదంతా వాళ్ళ డబ్బే."

అత్తయ్య ఆ పంచాంగం అట్ట తీసుకుని చాలాసేపు చూసింది. తరువాత అడిగిన మాట నేను ఊహించలేదు.

"అయితే నా డబ్బు నాకు రావాలంటే, కుట్టుమిషను అమ్మాయి డబ్బు పోవాలన్నమాట."

"ఆ అమ్మాయిది కాకపోతే ఆ అమ్మాయి తెచ్చినవాళ్ళది" అన్నారు నాన్నగారు.

"యాభైవేలకి గాజులు తాకట్టు పెడతానంది అన్నయ్యా" అని అత్తయ్య లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు పొద్దున్నే ఫోనులో ఆ అమ్మాయికి చెప్పేసింది, గాజులు కదిలించవద్దని. ఆ తరువాతే కుర్రాడికి చెప్పింది.

దీనివల్ల అత్తయ్యకి నష్టమేమీ రాలేదనను. ఆ కుర్రాడు గుమ్మం తొక్కటం మానేశాడు. వాళ్ళింట్లో గృహప్రవేశానికి అందరికీ పిలుపు వచ్చింది, అత్తయ్యకి రాలేదు. మామయ్య తరఫున మిగిలిన చుట్టరికం అదొక్కటే. మనవరాలి ఫీజు మాత్రం ఆగస్టులో కట్టారు. దసరా నాటికి ఆ పథకంవాళ్ళ ఆఫీసు గదికి తాళం పడింది. అప్పుడు తెలిసింది, ఆ కుర్రాడు మోసగాడేమీ కాదు, వాళ్ళమ్మ పేర రెండు సభ్యత్వాలు తానే కట్టి ఉన్నాడు. అత్తయ్య తనంతట తానే వాళ్ళింటికి వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు.

మరుసటి సంక్రాంతికి అందరం రేపల్లెలో చేరాం. అత్తయ్య వచ్చీ రాగానే, "అన్నయ్యా, నీ సంఖ్యలో చివరివాడున్నాడే, ఆ అరవైయేడు లక్షలవాడు, వాడు ప్రధాన సంఖ్యేనని ఎట్లా నమ్మటం? ఆ ఫ్రెంచాయనలాగా నువ్వూ నమ్మేశావేమో" అంది. నాన్నగారి ముఖం చూడాలి! పదేళ్ళు తగ్గింది. 6700417కి వర్గమూలం 2588 చిల్లర. అంతలోపు ప్రధాన సంఖ్యలు మూడువందల డెబ్భై పైచిలుకు ఉన్నాయి. అన్నిటితోనూ భాగించాలంటే పండగ మూడు రోజులూ చాలవు. అయితే కాశీ కథ అల్లిన ఆ లూకాసే 1878లో ఒక దారి చూపించాడు. 4294967297ని భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా, 128 చేత భాగిస్తే ఒకటి మిగిలేదై ఉండాలట. 641 అట్లాంటిదే. ఆ షరతు పెడితే 2588 లోపల అయిదుగురే మిగులుతారు: 257, 641, 769, 1153, 1409.

పెళ్ళి శుభలేఖల వెనక అన్నా చెల్లెలూ పంచుకుని భాగహారాలు మొదలుపెట్టారు. 257కి 170 మిగిలింది. 641కి 44. 769కి 120. 1153 అత్తయ్య వంతు. రెండుసార్లు చేసి, 5811 సార్లు పోయి 334 మిగిలిందని తేల్చింది.

"ఇక 1409 ఒక్కటేనమ్మాయీ" అన్నారు నాన్నగారు.

"అది నువ్వు చూసుకో. పొయ్యిమీద పప్పుంది" అని అత్తయ్య వంటింట్లోకి వెళ్ళింది.